తిరుపతి పిన్ కోడ్ 517501: ఒక పెద్ద సంఖ్య గుట్టు చేత్తోనే విప్పడం ఎలా

తిరుపతిలో ఉండేవాళ్లం ఈ ఆరంకెలను ఎన్నిసార్లు రాసుంటామో లెక్కే లేదు. బ్యాంకు పాసుబుక్కులో, కొరియర్ కవరు మీద, కాలేజీ దరఖాస్తు చివరి గడిలో, అన్నిచోట్లా 517501. పిన్ కోడ్ విధానం 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 5 ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలు ఉన్న మండలానిది. 517 అంటే చిత్తూరు, తిరుపతి వైపు. చివరి మూడంకెలు పోస్టాఫీసుకు గుర్తు. తపాలా వాళ్లకు అంతవరకే పని. దాన్నే సంఖ్యగా చదివితే అయిదు లక్షల పదిహేడు వేల అయిదు వందల ఒకటి. ఇక్కడి నుంచి మన పని మొదలవుతుంది.

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి కూర్చున్నప్పుడు, పార్సిల్ అట్టపెట్టె మీద అంటించిన చీటీ చూస్తూ అడిగింది. "మామా, ఇది ఏ ఎక్కంలో పోతుంది?" నేనూ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నోటుబుక్కు తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ దారినే ఇక్కడ అడుగడుగునా చెబుతున్నాను. మీ ఊరి పిన్ కోడ్‌కైనా, బండి నంబరుకైనా ఇదే దారి.

కావాల్సినవి మూడే: గళ్ల నోటుబుక్కు, పెన్ను, 719 వరకు ప్రధాన సంఖ్యల పట్టీ. ఆ పట్టీ లేకపోతే ఎరటోస్తనీస్ జల్లెడతో గంటలో తయారు చేసుకోవచ్చు. 1 నుంచి 720 వరకు రాసి, 2 ఎక్కం, 3 ఎక్కం, 5 ఎక్కం, ఇలా 23 ఎక్కం వరకు, ఎక్కంలో మొదటి సంఖ్యను మాత్రం ఉంచి, మిగతావి కొట్టేస్తూ పోతే చాలు. 1ని పక్కన పెడితే మొత్తం 128 సంఖ్యలు మిగులుతాయి. అన్ని రాలేదంటే ఎక్కడో జారింది, మళ్లీ చూసుకోండి.

మొదటి అడుగు: చూపుతోనే తేలిపోయేవి

చివరి అంకె 1. కాబట్టి 2లో పోదు, 5లో పోదు. చివరి రెండంకెలు 01, అంటే 4తో భాగిస్తే 1 మిగులుతుంది. ఈ ఒక్క మాటను నోటుబుక్కు అంచున రాసి పెట్టుకోండి. ఇప్పుడు దీనితో పని లేదు గానీ అయిదో అడుగులో ఇదే తలుపు తెరుస్తుంది.

అంకెలు కూడితే 5+1+7+5+0+1 = 19. మళ్లీ కూడితే 10, ఆపైన 1. కాబట్టి 3లో పోదు, 9లోనూ పోదు. 9తో భాగిస్తే 1 మిగులుతుందని కూడా రాసుకోండి.

రెండో అడుగు: మూడంకెల ముక్కలుగా విరవడం

7, 11, 13 మూడింటికీ వేరువేరు సూత్రాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 7 × 11 × 13 = 1001. వెయ్యి అంటే 1001 కన్నా ఒకటి తక్కువ. అందువల్ల 517 వేలు, ఈ మూడు సంఖ్యల దృష్టిలో, −517తో సమానం. చేయాల్సింది చివరి ముక్కలోంచి మొదటి ముక్కను తీసేయడమే. 501 − 517 = −16. పదహారు 7లో పోదు, 11లో పోదు, 13లో పోదు. ఒక్క తీసివేతతో మూడు పరీక్షలు అయిపోయాయి. శేషాలు కూడా కావాలంటే −16కు ఆ సంఖ్యనే కలుపుకుంటూ పోవాలి: 7కు 5, 11కు 6, 13కు 10.

37కు ఇంకా అందమైన దారి ఉంది. 37 × 27 = 999 కాబట్టి ఈసారి ముక్కల్ని కూడాలి. 517 + 501 = 1018, మళ్లీ 1 + 018 = 19. 37లో పోదు, 19 మిగిలింది. ఇదే పరీక్ష చిత్తూరు పిన్ కోడ్ 517001కు పెట్టి చూడండి. 517 + 001 = 518, అది 37 × 14. చిత్తూరు నంబరు ముప్పై ఏడో ఎక్కంలో చక్కగా పోతుంది! నిజానికి 517001 = 37 × 89 × 157. దీని దగ్గరకు మళ్లీ వద్దాం.

మూడో అడుగు: ఎక్కడ ఆగాలో తెలుసుకుని, భాగహారం

ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే ఆ రెండింటిలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. 719 వర్గం 516961. 720 వర్గం 518400, మన సంఖ్యను దాటేసింది. కాబట్టి 719 వరకు ఏ ప్రధాన సంఖ్యలోనూ పోకపోతే ఇంక ఎందులోనూ పోదు. 128లో ఏడింటిని (2, 3, 5, 7, 11, 13, 37) ఇప్పటికే వదిలించుకున్నాం. మిగిలినవి 121.

ఇక్కడ కష్టపడాలి, దగ్గరదారి లేదు. పేజీని మూడు గడులుగా గీయండి: భాజకం, భాగఫలం, శేషం. చాలామంది పోతుందా పోదా అని మాత్రమే చూసి టిక్కు కొట్టి వదిలేస్తారు. దయచేసి శేషాన్ని తప్పకుండా రాయండి. తర్వాతి అడుగు మొత్తం ఆ గడి మీదే నిలబడి ఉంది.

మా పేజీలోంచి కొన్ని వరుసలు:

17 … 30441 … 4
23 … 22500 … 1
41 … 12621 … 40
73 … 7089 … 4
139 … 3723 … 4
353 … 1466 … 3
719 … 719 … 540

139 దగ్గర ఒక సంగతి జరిగింది. పాప ఆ వరుస దగ్గర పెన్ను పెట్టి కేకేసింది. "పోయింది మామా! 139 ఇంటు 3723, సరిగ్గా సరిపోయింది!" శేషం గడిలో సున్నా వేసేసింది. నాకూ ఒక్క క్షణం నిజమే అనిపించింది. అప్పుడు తొమ్మిది పరీక్ష పెట్టాం. మన చిన్నప్పుడు అయ్యవార్లు గుణకారం సరిచూడటానికి నేర్పిన పద్ధతే. 139 అంకెలు కూడితే 13, అంటే 4. 3723 కూడితే 15, అంటే 6. నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, అంటే 6. లబ్ధం నిజంగా 517501 అయితే దాని అంకెలు 1కి రావాలి కదా, 6 ఎలా వస్తుంది? మళ్లీ గుణిస్తే 517497 వచ్చింది, దాని అంకెల మొత్తం 33, అంటే 6. సరిపోయింది. శేషం సున్నా కాదు, 4. చేత్తో చేసే లెక్కలో ప్రతి వరుసకూ ఈ పరీక్ష పెట్టండి, పది సెకన్లు కూడా పట్టదు. భాగఫలం, భాజకం గుణించి శేషం కలిపితే అంకెల మొత్తం 1కి రావాలి, అంతే.

చివరి వరుస 719 దగ్గర మిగిలింది 540. సున్నా ఎక్కడా రాలేదు. అంటే 517501 ప్రధాన సంఖ్య. 1, తాను తప్ప దానికి వేరే కారణాంకం లేదు. ఈ పరిమాణంలో సుమారు పదమూడు సంఖ్యలకు ఒకటి చొప్పున ప్రధాన సంఖ్యలు ఉంటాయి. మన ఊరికి ఆ ఒకటి దక్కింది. నా కళ్లలో మెరుపు చూసి మా అక్క, ఏం దొరికిందిరా అని వంటింట్లోంచి బయటికొచ్చింది.

నాలుగో అడుగు: శేషాల గడిని మళ్లీ చదవడం

ఇప్పుడు చుట్టుపక్కల సంఖ్యలను అడుగుదాం, కొత్తగా ఒక్క భాగహారం కూడా చేయకుండా. ఒక వరుసలో శేషం 2 ఉందనుకోండి, అంటే మన సంఖ్య కంటే రెండు తక్కువైన 517499 ఆ ఎక్కంలో పోతుంది. కాబట్టి శేషాల గడిలో 2 కోసం వెతకాలి. మేము వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాం. 4 మూడు చోట్ల కనిపించింది, 353 దగ్గర 3 వచ్చింది, 23 దగ్గర 1. రెండు మాత్రం ఎక్కడా లేదు. బేసి సంఖ్య కాబట్టి రెండో ఎక్కంలోనూ పోదు. వర్గమూలం హద్దు దానికీ 719 దగ్గరే.

అంటే 517499 కూడా ప్రధాన సంఖ్యే! రెండు తేడాతో ఉండే ఇలాంటి జంటలను కవల ప్రధాన సంఖ్యలు అంటారు. 11, 13 లాగా, 17, 19 లాగా. ఇది మేము వెతకడానికి కూర్చున్నది కాదు. శేషాలు రాసి పెట్టుకున్నందుకు దొరికింది. ఇలాంటి జంటలు అంతులేకుండా ఉన్నాయా అన్నది ఈ రోజుకీ తేలలేదు. 2013లో యిటాంగ్ జాంగ్, 7 కోట్ల కంటే తక్కువ తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయని నిరూపించాడు. తర్వాత ఎందరో కలిసి ఆ తేడాను 246కు దించారు. 2కు చేరడం మిగిలే ఉంది.

ఆ కవలల మధ్యలో ఉన్నది 517500. దాన్ని విప్పి చూడండి: 2² × 3² × 5⁴ × 23. ఒక సంఖ్యకు ఎన్ని కారణాంకాలో తెలియాలంటే ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణించాలి. ఇక్కడ ఘాతాలు 2, 2, 4, 1. అంటే 3 × 3 × 5 × 2 = 90. తొంభై కారణాంకాలున్న సంఖ్యకు అటు ఒకటి, ఇటు ఒకటి, ఎవరితోనూ పొత్తు లేని రెండు సంఖ్యలు. (3, 5 జంటను వదిలేస్తే కవలల నడిమి సంఖ్య ఎప్పుడూ 6లో పోతుంది. ఎందుకో ఆలోచించండి, చాలా తేలిక.)

ఇదే గడితో ఇంకో మేలు. 41 వరుసలో శేషం 40. ఇంకొక్కటి కలిపితే పూర్తిగా పోతుంది కదా. కాబట్టి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పిన్ కోడ్ 517502, 41లో పోతుంది. విప్పితే 2 × 41 × 6311. మూడూ వేరువేరు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాలేదు. చిత్తూరు నంబరుదీ అదే తరగతి.

అయిదో అడుగు: రెండు వర్గాల మొత్తంగా రాయడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన అడుగు ఇది. నోటుబుక్కు అంచున రాసుకున్న మాట గుర్తుందా? 4తో భాగిస్తే 1 మిగులుతుంది. అలాంటి ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా, అదీ ఒకే ఒక్క విధంగా రాయవచ్చు. ఫెర్మా 1640లో ఈ మాట ఉత్తరంలో రాశాడు గానీ రుజువు చెప్పలేదు. దాదాపు వందేళ్ల తర్వాత ఆయిలర్ రుజువు చేశాడు. ఉందని తెలుసు, ఎక్కడుందో వెతకాలి.

1 నుంచి 719 వరకు అన్నీ వెతకనక్కర్లేదు. వర్గాలను 5తో భాగిస్తే 0, 1, 4 మాత్రమే మిగులుతాయి. మన సంఖ్యకు 5తో శేషం 1. ఆ మూడింటిలో రెండు కూడి 1 రావాలంటే 0, 1 తప్ప దారి లేదు. కాబట్టి రెండు సంఖ్యల్లో ఒకటి 5 గుణిజం, దాని వర్గం 25లో పోతుంది. 517501ని 25తో భాగించినా 1 మిగులుతుంది కాబట్టి రెండో సంఖ్య వర్గం కూడా 25తో 1 మిగల్చాలి. అలా మిగిల్చేవి 25 గుణిజానికి ఒకటి ఇటూ అటూ ఉన్నవే: 24, 26, 49, 51, ఇలా. 719 లోపు అవి 57 మాత్రమే.

ఇదే వాదన 3తో చేస్తే ఇంకొన్ని రాలిపోతాయి. మన సంఖ్య 9తో 1 మిగిలిస్తుంది కదా. కాబట్టి మనం వెతికేది 3 గుణిజం అయినా కావాలి, లేదా 9 గుణిజానికి ఒకటి పక్కనైనా ఉండాలి.

పై నుంచి దిగుదాం అన్నాను. మొదట 701. అంకెలు 8, దానికి ఒకటి కలిపితే 9, సరేనా? పరీక్షకు నిలిచింది. 701 వర్గం 491401. తీసేస్తే 26100. 161 వర్గం 25921, 162 వర్గం 26244. కుదరలేదు. తర్వాత 699. 3 గుణిజమే. వర్గం 488601. తీసేస్తే 28900. పాప ఆ సంఖ్యను చూసి ఒక్క నిమిషం ఆగింది. "పదిహేడు పదిహేడ్లు రెండొందల ఎనభై తొమ్మిది కదా మామా?" అంది మెల్లగా. అవును, 170 వర్గం 28900.

517501 = 699² + 170²

మిగిలిన సంఖ్యలను కూడా ఓపికగా చూశాం, ఇంకో దారి దొరకలేదు. దొరకకూడదు కూడా. ఇది వట్టి వినోదం కాదు, మూడో అడుగుకు సరిచూపు. 4తో భాగిస్తే 1 మిగిలే సంఖ్య ఒకే విధంగా రెండు వర్గాల మొత్తమై, ఆ రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేకపోతే అది తప్పనిసరిగా ప్రధాన సంఖ్య. పెద్ద సంఖ్యలను పరీక్షించడానికి ఆయిలర్ వాడిన పద్ధతి ఇదే. 121 భాగహారాల్లో ఎక్కడైనా తప్పు పోయిందేమోనన్న టెన్షన్ నాకు ఇక్కడే తీరింది.

ఒకటి కంటే ఎక్కువ దారులుంటే? చిత్తూరును చూడండి. 37, 89, 157 మూడూ 4తో 1 మిగిల్చేవే. 37 = 6² + 1², 89 = 8² + 5², 157 = 11² + 6². రెండు వర్గాల మొత్తాలు రెండింటిని గుణిస్తే వచ్చేది కూడా రెండు వర్గాల మొత్తమేనని ఏడో శతాబ్దంలోనే బ్రహ్మగుప్తుడి సూత్రం చెబుతుంది. 37 × 89 చేద్దాం. 6 × 8లోంచి 1 × 5 తీసేస్తే 43, 6 × 5కు 1 × 8 కలిపితే 38. 43² + 38² = 3293, సరిగ్గా 37 × 89. కూడిక, తీసివేత తారుమారు చేస్తే 53, 22 వస్తాయి. అలాగే 157తో కలిపితే మొత్తం నాలుగు దారులు తేలతాయి:

517001 = 76² + 715² = 160² + 701² = 245² + 676² = 451² + 560²

తిరుపతికి ఒక్క దారి, చిత్తూరుకు నాలుగు. లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలు దాగున్నాయో ఆ దారుల సంఖ్యే చెప్పేస్తోంది.

ఇంకో చిన్న లెక్క. 699² − 170² = 459701, 2 × 699 × 170 = 237660. ఈ రెండూ భుజాలుగా లంబకోణ త్రిభుజం గీస్తే కర్ణం సరిగ్గా 517501 వస్తుంది.

ఆరో అడుగు: కారణాంకాల మొత్తాన్ని బట్టి తరగతి

తనను వదిలేసి మిగిలిన కారణాంకాలన్నీ కూడితే తన కంటే తక్కువ వస్తే న్యూన సంఖ్య, సమానమైతే పరిపూర్ణ సంఖ్య, ఎక్కువైతే సమృద్ధ సంఖ్య. గ్రీకుల కాలం నుంచి వస్తున్న వర్గీకరణ ఇది. ప్రధాన సంఖ్యకు ఆ మొత్తం 1 మాత్రమే, కాబట్టి 517501 న్యూన సంఖ్య.

కొండపైకి వెళ్దాం. తిరుమల పిన్ కోడ్ 517504. రెండుతో భాగిస్తూ పోతే ఏడుసార్లు పోయి 4043 మిగులుతుంది, అది 13 × 311. కాబట్టి 517504 = 2⁷ × 13 × 311. కారణాంకాలు 8 × 2 × 2 = 32. వాటి మొత్తానికి ఒక్కో ప్రధాన సంఖ్యకూ విడిగా కూడి గుణించాలి. 1 నుంచి 128 వరకు రెట్టింపులు కూడితే 255, 13కు 14, 311కు 312. గుణిస్తే 11,13,840. అందులోంచి 5,17,504 తీసేస్తే 5,96,336, అంటే తన కంటే ఎక్కువ. తిరుమల నంబరు సమృద్ధ సంఖ్య. ఎవరూ ఏరి కోరి పెట్టింది కాదు, పోస్టాఫీసుల వరుసలో అలా వచ్చింది. అయినా తెలిసినప్పుడు మనసుకు హాయిగానే అనిపించింది.

ఇంక అంకెలతో చేసే ఆటలు కొన్ని ఉన్నాయి. తిరగేస్తే 105715, చివర 5 ఉంది కాబట్టి అది ప్రధాన సంఖ్య కాదు. రెండంకెల పద్ధతిలో రాస్తే 1111110010101111101, పందొమ్మిది స్థానాలు. వీటి మీద నేను ఎక్కువసేపు ఆగను. మనం పది ఆధారంగా రాసుకున్నాం కాబట్టి పుట్టిన లక్షణాలవి, రాత మారిస్తే మారిపోతాయి. 699² + 170² మాత్రం ఏ లిపిలో రాసినా అదే.

ఇంకా పెద్ద సంఖ్యలకు

ఈ పద్ధతి ఆరంకెల దాకా చేత్తో హాయిగా నడుస్తుంది. పదంకెల ఫోన్ నంబరుకు వర్గమూలం దాదాపు లక్ష దాకా పోతుంది. లక్ష లోపు ప్రధాన సంఖ్యలు 9592. అక్కడ కంప్యూటర్ కావాల్సిందే. వందల అంకెల సంఖ్యలకు కంప్యూటర్ కూడా ఇలా వరుసగా భాగించలేదు, వేరే దారి పట్టాలి. ఎంత పెద్ద సంఖ్యనైనా ప్రధాన సంఖ్యో కాదో ఖచ్చితంగా, అంకెల సంఖ్యతో పోలిస్తే మరీ విపరీతంగా పెరగని సమయంలో తేల్చే పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కాయల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. 2024 అక్టోబరులో ప్రకటించిన, అప్పటికి తెలిసినవాటిలో అతిపెద్ద ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలు ఉన్నాయి.

మీరు మొదలుపెట్టడానికి చంద్రగిరి మంచి నంబరు: 517101. అంకెలు కూడితే 15, మూడులో పోతుంది. 101లోంచి 517 తీసేస్తే −416, అది 13 × 32. మూడు, పదమూడు తీసేశాక 13259 మిగులుతుంది. దాని వర్గమూలం 115 దాటి కొంచెం, కాబట్టి 113 వరకు చూస్తే చాలు. మా పాప రెండో రోజు సాయంత్రం ఆ పేజీకి కొత్తగా మూడు గడులు గీసుకుంది, శేషం గడి ఈసారి కాస్త వెడల్పుగా.